జెల్ పెన్ను సంతకం

"సంతకం ఎక్కడుందే ఇందులో?" అంది కెజియా స్నేహితురాలు పద్మశ్రీ, ఫొటో మీదికి వంగి.

"అదిగో, కింద. కుడిచేతి పక్క."

"నాకేం కనపడట్లేదు. అక్కడేదో టీ మరక ఉంది, అంతే."

కెజియాకి ఒళ్ళు మండింది. టీ మరకట! చంద్రుడి మీద నడిచిన మనిషి స్వయంగా పెట్టిన సంతకాన్ని పట్టుకుని టీ మరకంటుందా?

"సరిగ్గా చూడవే. మొదటి అక్షరం ఎంత పెద్దదో! చివర తోక కూడా ఉంది."

"ఏమోనే బాబూ. రేపు ఎగ్జిబిషన్‌లో అందరూ ఇదే అడుగుతారు చూడు," అని పద్మశ్రీ సైకిలెక్కి వెళ్ళిపోయింది.

అది 1999 జులై నెల. మనిషి చంద్రుడి మీద మొదటిసారి అడుగుపెట్టి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని ఆ ఊరి హైస్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. బల్లలూ చార్టులూ సర్దుకోవాలని ఆ రోజు ఒంటిపూటే బడి. ఆరో తరగతి చదివే కెజియా మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేసింది. అమ్మకీ నాన్నకీ కాకినాడలో ఉద్యోగాలు. పిల్ల మాత్రం రాజోలు దగ్గర ఈ ఊళ్ళో, తాతగారి ఇంట్లో ఉండి చదువుకుంటోంది.

తాతగారంటే ఏసుపాదం మాస్టారు. అదే హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఫొటో ఫ్రేముకి పాత అద్దం పగిలితే, కొత్తది కోయించుకు రావడానికి రాజోలు వెళ్ళారు. వెళ్ళేముందు ఫొటోని ఫ్రేములోంచి తీసి, శుభ్రమైన కాగితం మీద పెట్టి, "గాలికి ఎగరకుండా చూస్తూ ఉండు తల్లీ," అని కెజియాకి అప్పజెప్పారు.

చూస్తూ ఉండమన్నారు. చెయ్యి పెట్టమనలేదు. ఆ తేడా ఆ పిల్లకి ఆ పూట తట్టలేదు.

ఫొటోలో ఒకాయన తెల్లటి అంతరిక్ష దుస్తులు వేసుకుని నవ్వుతూ కూచుని ఉంటారు. పక్కన హెల్మెట్టు. వెనకాల ఇంత పెద్ద చంద్రుడు. చంద్రుడి మీద నడిచినవాళ్ళు మొత్తం పన్నెండు మందే. అందులో ఈయన ఒకరు. ఏసుపాదం మాస్టారు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే, ఎన్నో నెలల తరవాత అమెరికా నుంచి ఈ ఫొటో వచ్చింది. కింద నీలం సిరాతో సంతకం ఉంది.

అలాంటిది వస్తే ఊరంతా సంతోషించాలి కదా? సంతోషించలేదు. పోలిరాజు గారని ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన మాస్టారిని ఏనాడూ గారు అనలేదు. అయినా మనం అందాం, మన మర్యాద మనది. ఆ పోలిరాజు గారు పోస్టాఫీసు అరుగు మీద కూచుని అందరూ వినేలా అన్నారట.

"ఏసుపాదానికి అమెరికా నుంచి ఫొటో ఏంటయ్యా? ఏ అమలాపురం స్టూడియోలోనో కడిగించుకుని, సంతకం తనే గిలికేసుకుని ఉంటాడు!"

అంతే. ఆ మాట ఊరికి భలే రుచించింది. అప్పట్నుంచీ మాస్టారు ఏం చెప్పినా, "ఇదీ ఆ సంతకం లాంటిదేనా?" అని ఒకరు అనడం, పదిమంది నవ్వడం.

మాస్టారి దగ్గర ఒక రుజువు ఉండేది. ఫొటో వచ్చిన కవరు, దాని మీద అమెరికా స్టాంపులు. 96 తుఫానులో ఇంటికప్పు లేచిపోయి, వరద నీళ్ళల్లో ట్రంకుపెట్టె కొట్టుకుపోయినప్పుడు కవరూ దాంతోనే పోయింది. ఫొటోని మాత్రం మాస్టారు రెయిన్‌కోటులో చుట్టి, గుండెలకి హత్తుకుని కాపాడారు. ఫొటో దక్కింది గానీ, చెమ్మ తగిలి సంతకం వెలిసిపోయింది.

కెజియా ఆ వెలిసిపోయిన గీతల కేసి చూస్తూ కూచుంది. రేపు అందరూ టీ మరక అంటారా? పోలిరాజు గారు వచ్చి నవ్వుతారా?

అప్పుడు దానికి సమాధుల తోట గుర్తొచ్చింది.

ఏటా సమాధుల పండగ ముందు ఇంటిల్లిపాదీ సమాధుల తోటకి వెళ్తారు. గడ్డి పీకి, సమాధులకి సున్నం కొడతారు. వానలకి వెలిసిపోయిన పేర్ల మీద నల్ల పెయింటుతో మళ్ళీ దిద్దుతారు. కిందటిసారి ముత్తాతగారి పేరు దిద్దింది కెజియాయే. గీత ఎక్కడా పక్కకి పోలేదు. "మా నాన్నగారి పేరు మళ్ళీ కొత్తగా వచ్చిందమ్మా," అని తాతగారు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు వీపు తట్టారు.

పేరు వెలిసిపోతే దిద్దాలి. వాళ్ళింట్లో అది ప్రేమ. అది తప్పని దానికి ఎలా తెలుస్తుంది చెప్పండి?

కెజియా లోపలికి వెళ్ళి, నాన్న కాకినాడ నుంచి తెచ్చిన నీలం జెల్ పెన్ను పట్టుకొచ్చింది. క్లాసులో ఎవరి దగ్గరా లేని పెన్ను అది. చేతిరాతలో కెజియాది ఫస్టు ప్రైజు. నాలుక చివర పళ్ళ మధ్య బిగించి, ఊపిరి బిగబట్టి, మొదటి అక్షరం దగ్గర్నుంచి మెల్లగా దిద్దడం మొదలెట్టింది.

"ఏం చేస్తన్నావే అక్కడ? చప్పుడే లేదు," అంది మామ్మ పాపాయమ్మ పెరట్లోంచి. ఆవిడ కొబ్బరాకులు ముందేసుకుని చీపుళ్ళకి ఈనెలు తీస్తోంది.

"ఏం లేదు మామ్మా!"

చివర తోకని కాస్త పైకి తిప్పి ఆపింది. సిరా ఆరాక చూసుకుంది. సంతకం నిగనిగలాడుతోంది. గుమ్మంలోంచి చూసినా కనపడుతోంది. కెజియా చప్పట్లు కొట్టుకుంది.

సాయంత్రం తాతగారు కొత్త అద్దంతో వచ్చారు. ఆయన కళ్ళల్లో శుక్లాలు. ఆపరేషన్ చలికాలంలో చేద్దామన్నారు డాక్టరుగారు. ఫొటోని ఫ్రేములో బిగించి వెలుగు కేసి పట్టుకున్నారు.

"పాపాయమ్మా, ఇలా వచ్చి చూడు! కొత్త అద్దంలోంచి సంతకం ఎంత బాగా కనపడుతోందో! ఇన్నాళ్ళూ తప్పంతా ఆ పాత అద్దానిది."

కెజియా నవ్వు ఆపుకుంది. చెప్పేద్దామనుకుంది. కానీ తాతగారు అంత మురిసిపోతుంటే, రేపు ఎగ్జిబిషన్ అయ్యాక చెబుదాంలే అనుకుంది.

మర్నాడు స్కూల్లో మాస్టారి బల్ల చుట్టూ ఒకటే గుంపు. థర్మాకోల్ రాకెట్ పెట్టిన పిల్లలు కూడా రాకెట్‌ని వదిలేసి ఇక్కడికే వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో తాతగారు నిలబడి చెబుతుంటే, కెజియా పక్కన ఫ్రేము పట్టుకుని గొప్పగా నించుంది.

"మాస్టారండీ, చంద్రుడి మీద గాలి లేదంటారు కదండీ. మరి జెండా ఎలా ఎగిరిందండీ?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"మంచి ప్రశ్న వేసేవురా. అది ఎగరలేదు. జెండా పైఅంచున అడ్డంగా ఒక కడ్డీ పెట్టేరు. మీ అమ్మ దండెం మీద దుప్పటి ఆరేస్తే విప్పుకుని నిలబడదూ? అలాగన్నమాట."

"అక్కడ ఎగరొచ్చాండీ?"

"ఎగరలేం గానీ, బాగా గెంతొచ్చు. ఇక్కడ అరవై కేజీలు తూగే మనిషి అక్కడ పది కేజీలే తూగుతాడు. ఇంకో సంగతి. ప్రతిసారీ ముగ్గురు వెళ్తే ఇద్దరే దిగేవారు. మూడో ఆయన పైనే చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉండేవాడు, వీళ్ళని మళ్ళీ ఇంటికి తీసుకురావడానికి."

"ఆయనకి ఏడుపొచ్చి ఉంటుందండి," అంది రెండు జడల చిన్నపిల్ల.

"వచ్చే ఉంటుందమ్మా. అంత దూరం వెళ్ళి, కాలు పెట్టకుండా తిరిగి రావడం అంటే మాటలా?"

"వాళ్ళ అడుగులు ఇంకా ఉన్నాయాండీ?"

"ఆయ్, ఉన్నాయి. అక్కడ గాలి లేదు, వాన లేదు. పడిన అడుగు పడినట్టే ఉంటుంది. ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు కదా!" అని తాతగారు నవ్వారు. "మొదటాయన కాలు పెట్టినప్పుడు మనకి పొద్దున్న, మీరు బడికి తయారయ్యే వేళ. నేను పంచాయితీ ఆఫీసు రేడియోలో విన్నాను ఆ వార్త."

"లోపల కూచుని విన్నారాండీ?"

"లేదురా. కిటికీ బయట నించుని. లోపల బెంచీలు పోలిరాజు గారి లాంటి వాళ్ళకి."

ఆ మాట కూడా ఆయన నవ్వుతూనే అన్నారు.

సరిగ్గా అప్పుడే పోలిరాజు గారు వచ్చారు, ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని. అతిథి పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. హైదరాబాదులో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. స్టాంపులూ, గొప్పవాళ్ళ సంతకాలూ సేకరించడం ఆయనకి పిచ్చి. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది. సైన్సు టీచరు సూర్యకుమారి గారు ఆయనకి మాస్టారిని పరిచయం చేశారు.

"ఇలాంటిది మన కోనసీమలో ఉందంటే గొప్ప సంగతండి మాస్టారూ! ఒకసారి చూడొచ్చా?" అని అతిథి ఎంతో గౌరవంగా అడిగారు.

"తప్పకుండా చూడండి. మీలాంటి వారు చూడాలనేగా తెచ్చింది," అన్నారు తాతగారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి, సంతకాల గురించి తెలిసిన మనిషి ఒకరు ఊళ్ళో అందరి ముందూ ఆ సంతకం చూడబోతున్నారు. ఒక్క మాట, "అసలుదే" అని ఆయన అంటే చాలు. తాతగారు ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఆ మాట కోసమే.

అతిథి భూతద్దం పెట్టి చూశారు. ఇటు తిప్పి చూశారు. అటు తిప్పి చూశారు. ఆయన ముఖంలో ఉత్సాహం మెల్లగా తగ్గిపోయింది.

"ఏమీ అనుకోకండి మాస్టారూ," అన్నారు గొంతు తగ్గించి. "ఈ సిరా కొత్తదండి. జెల్ పెన్ను. ఈ పెన్నులు మన దగ్గర దొరకడం మొన్నమొన్ననే మొదలైందండి. పైగా గీత చూడండి, ఎంత నెమ్మదిగా నడిచిందో. సంతకం పెట్టే మనిషి ఇలా పెట్టడండి. చూసి దిద్దే మనిషి పెడతాడు."

ఆయన గొంతు తగ్గించినా పోలిరాజు గారి చెవిలో పడనే పడింది.

"ఆయ్! నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానండి. ఎవరు విన్నారు? తనే గిలికేసుకున్నాడని ఆనాడే చెప్పేను!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బల్లలన్నీ చుట్టి వచ్చింది.

"లేదండి," అన్నారు తాతగారు. "అమెరికా నుంచే వచ్చిందండి. నా చేత్తో నేనే కవరు విప్పేనండి. ఒకసారి ఆ భూతద్దం ఇలా ఇప్పించండి."

ఆయన ఫ్రేముని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. చివర తోక దగ్గర ఆగిపోయారు. ఆ తోకని అలా పైకి తిప్పడం ఆయనకి బాగా తెలుసు. కెజియా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషు కలిపిరాత నేర్పించింది ఆయనే మరి.

ఆయన తలెత్తి కెజియా కేసి చూశారు.

"నేనేనండీ దిద్దింది." ఇంతే చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా హెడ్మాస్టారు, అతిథి, నడుం మీద చేతులు పెట్టుకుని పోలిరాజు గారు, నోరు తెరుచుకుని చూస్తున్న పద్మశ్రీ. కెజియా ఒక అడుగు వెనక్కి వేసి సూర్యకుమారి టీచరు వెనకాల దాక్కుంది.

తాతగారు భూతద్దం తిరిగి ఇచ్చేశారు.

"నేనే పొరబడి ఉంటానండి," అన్నారు. "పెద్దవాణ్ణయ్యేను. కళ్ళు కూడా సరిగ్గా కనపడవు."

ఆయన పొరబడలేదు. తెలిసే ఆ మాట అన్నారు. ఇన్నేళ్ళూ కాదు కాదని మొత్తుకున్న అబద్ధాన్ని, మనవరాలి కోసం తన నెత్తిన వేసుకున్నారు.

"పోనీలెండి, పిల్లకాయలకి కాలక్షేపం అయ్యింది," అంటూ పోలిరాజు గారు అతిథిని పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. పిల్లలు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. రెండు జడల చిన్నపిల్ల మాత్రం కాసేపు నించుని, తరవాత అదీ వెళ్ళిపోయింది.

ఫ్రేముని తువ్వాలులో చుట్టుకుని తాతగారు కాలవగట్టు మీద ఇంటికి నడిచారు. వెనకాల కెజియా. సగం దారిలో దానికి దుఃఖం ఆగలేదు.

"నేనేనండి తాతగారూ. నేనే దిద్దేను. బాగా కనపడాలని దిద్దేనండి."

"తెలుసమ్మా."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"వేలెత్తి చూపించి, అంతమందిలో నిన్ను నిలబెట్టనా? నాకంటే అలవాటే."

"నా మీద కోపం లేదాండీ?"

తాతగారు ఆగారు. మనవరాలికి అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"ఉంది," అన్నారు. "దిద్దినందుకు కాదు, నువ్వు మంచికే దిద్దేవు. వాళ్ళందరూ నన్ను అలా అంటుంటే, నువ్వు దాక్కున్నావు చూడు, అందుకు."

మళ్ళీ నడవడం మొదలెట్టారు. ఇంటికి వెళ్ళాక ఫొటోని గోడకి తగిలించలేదు. కొత్త ట్రంకుపెట్టెలో దుప్పట్ల కింద పెట్టేశారు. ఆ రోజు ముగ్గురూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాటికి స్కూల్లో కొత్త పేరు పుట్టింది. జెల్ పెన్ తాత. ఎవరు పెట్టారో తెలియదు, అందరి నోటా అదే. "మీ జెల్ పెన్ తాతని నాకు ప్రధానమంత్రి సంతకం పెట్టిమ్మనవే!" అని ఏడో తరగతి కుర్రాడు అడిగాడు. పద్మశ్రీ కూడా నవ్వింది. నవ్వి, కెజియా చూసేసరికి తల దించుకుంది.

ఆ మర్నాడు ఉదయం అసెంబ్లీలో వార్తలు చదివే వంతు ఆరో తరగతిది. చదవాల్సింది కెజియా. చేతిలో పేపరుంది. రెండు వార్తలు చదివాక పేపరు మడిచేసింది.

"ఇంకొక వార్త ఉందండి. ఇది పేపర్లో రాలేదండి," అంది. "మా తాతగారి ఫొటో మీద ఆ జెల్ పెన్నుతో దిద్దింది నేనండి. కింద నిజం సంతకం ఉందండి. వెలిసిపోయిందని నేనే దాని మీద దిద్దేసేను. తాతగారికి తెలియదండి. ఆ రోజు చెప్పడానికి భయపడ్డాను."

లైన్లలో గుసగుసలు. హెడ్మాస్టారు సూర్యకుమారి టీచరు కేసి చూశారు. టీచరు ఒక సుద్దముక్క తెచ్చి కెజియా చేతిలో పెట్టి, నల్లబల్ల చూపించారు. కెజియా బల్ల మీద ఆ సంతకాన్ని గీసింది. పెద్ద మొదటి అక్షరం, మధ్యలో వంపు, చివర పైకి తిరిగిన తోక. అచ్చు అదే.

వెనక లైన్ల పిల్లలు మునివేళ్ళ మీద లేచి చూశారు.

ఇక్కడితో అంతా బాగుపడిందని మీరు అనుకుంటున్నారు కదూ? నేను కూడా అలాగే చెబుదును, అలా జరిగి ఉంటే.

సూర్యకుమారి టీచరు ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి హైదరాబాదుకి ఫోన్ చేశారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు విని చాలా నొచ్చుకున్నారు. "అయ్యయ్యో! ఆ పాప అక్కడే ఒక్క మాట చెప్పి ఉంటే, అప్పటికప్పుడు అద్దం తీయించి, అందరి ముందూ సరిగ్గా చూసేవాణ్ణి కదండీ! ఇప్పుడైనా ఫొటో పంపించమనండి, నాకు చేతనైనంత చూస్తాను."

టీచరు ఇంటికి వచ్చి ఆ మాట చెప్పారు. తాతగారు చేతులు జోడించారు.

"వద్దండి టీచరుగారూ. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేను. ఇంక నాకు ఓపిక లేదండి."

పోలిరాజు గారు పోస్టాఫీసు అరుగు మీద కూచుని తీర్పు చెప్పేశారు. "తాత నేర్పించేడు, మనవరాలు అప్పజెప్పింది. అంతేనండి." ఆ మాట కూడా ఊరికి రుచించింది. అబద్ధం సైకిలెక్కి వెళ్ళిపోయాక, నిజం ఎంత పరిగెత్తితే మాత్రం అందుకుంటుంది?

క్రిస్మస్ ముందు అమలాపురంలో తాతగారి కళ్ళకి ఆపరేషన్ అయ్యింది. కట్లు విప్పి ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకి, ఆయనే ట్రంకుపెట్టెలోంచి ఫొటో తీయమన్నారు. ఆయన కిటికీ దగ్గర కూచుని, అద్దం ఊడదీసి, కొత్త చూపుతో ఆ సంతకాన్ని గీత గీతా వెతికారు.

"చాలా చక్కగా దిద్దేవమ్మా," అన్నారు చివరికి. "ఎక్కడా పక్కకి పోలేదు. ఆయన గీత ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది అనిపించింది కెజియాకి. పెరట్లోకి వెళ్ళి, మామ్మ ఈనెల మోపుల పక్కన కూచుని ఏడ్చింది. మామ్మ వచ్చి పక్కన కూచుంది గానీ, ఏం కాదులే అని మాత్రం అనలేదు.

మళ్ళీ జులై వచ్చింది. మళ్ళీ సైన్స్ ఎగ్జిబిషన్, ఈసారి రెండు రోజులు. సూర్యకుమారి టీచరు ఇంటికి వచ్చి పిలిచారు. తాతగారు రానన్నారు.

టీచరు వెళ్ళాక కెజియా ఆయన ఎదురుగా వచ్చి నించుంది.

"తాతగారూ, ఫొటో నేను తీసుకెళ్ళనాండీ?"

తాతగారు అరుగు మీద కూచుని కాలవ కేసి చూస్తూ ఉండిపోయారు. మామ్మే లేచి, పెట్టె తెరిచి, ఫ్రేము తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. తాతగారు వద్దనలేదు.

ఈసారి బల్ల దగ్గర కెజియా ఒక్కతే. ఫొటో చూడటానికి మొదట వచ్చిన వాళ్ళు ఏమీ అడగకముందే అది చెప్పడం మొదలెట్టింది.

"ఇక్కడ పైన కనపడే సంతకం నాదండి. తెలియక దిద్ది పాడుచేసేను. దీని కింద చంద్రుడి మీద నడిచినాయన సంతకం ఉందండి. మా తాతగారు అబద్ధం చెప్పలేదండి."

ఆ తరవాతే జెండా సంగతి, పైన తిరిగిన మూడో ఆయన సంగతి, చెరిగిపోని అడుగుల సంగతి. రెండు జడల చిన్నపిల్ల కూడా వచ్చింది, ఇప్పుడు కాస్త పొడుగయ్యింది. అన్నీ విని, "మీ తాతగారు రాలేదా అక్కా?" అని అడిగింది. "రాలేదు," అంది కెజియా.

మధ్యాహ్నం పోలిరాజు గారు వచ్చారు. ఫ్రేము ముందు ఆగి, మీసం కింద నవ్వుకున్నారు.

"ఏమ్మా, ఈ సంతకం ఎవరిది?"

కెజియా ఈసారి వెనక్కి జరగలేదు. ఆయన ముఖంలోకి చూసి, అందరికీ చెప్పిన మాటే, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పింది.

"ఆయ్, అలాగే అలాగే," అంటూ ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తాతగారు అరుగు మీదే ఉన్నారు.

"జెండా సంగతి అడిగేరా ఎవరైనా?"

"అడిగేరండి. కడ్డీ గురించి చెప్పేను."

"సంతకం సంగతో?"

"అడగకముందే నేనే చెప్పేనండి. అందరికీ."

"నమ్మేరా?"

"కొందరు నమ్మేరండి."

"పోలిరాజు గారు?"

"లేదండి."

తాతగారు తల ఊపారు. కెజియా ఫ్రేము అందించింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసి, తిరిగి దాని చేతికే ఇచ్చారు.

"రేపు కూడా ఉంది కదా. నీ దగ్గరే ఉంచు."

కెజియా అద్దం మీద పడిన వేలిముద్రలు పావడా అంచుతో తుడిచి, ఫ్రేముని తువ్వాలులో చుట్టి, రేపటికి స్కూలు సంచి పక్కన పెట్టుకుంది.